బ్రోకరుని తీసేద్దాం అనుకున్న ఒక జీడిపప్పు స్టార్టప్: ఎంవీపీ కేస్ స్టడీ

ఇది శ్రీకాకుళం జిల్లాలో జీడిపప్పు వ్యాపారం చుట్టూ మొదలైన ఒక చిన్న స్టార్టప్ కేసు. రాసుకోండి గానీ పేర్లు వద్దు అన్నారు ఫౌండర్లు ఇద్దరూ. అందుకని కంపెనీ, ఫ్యాక్టరీలు, కొన్న షాపులు, వేటి పేర్లూ చెప్పను. మనుషులు గుర్తుపట్టేలా ఉన్న ఒకట్రెండు వివరాలు కావాలనే మార్చాను. ఇందులో నేను బయటి మనిషిని. మొదటి ప్రోడక్ట్‌గా (దీన్నే ఎంవీపీ, అంటే మినిమమ్ వయబుల్ ప్రోడక్ట్ అంటారు) ఏం కట్టాలి, ఏం కట్టకుండా ఆగాలి అన్నది తేల్చుకోవడానికి చిన్న కంపెనీలకి సాయం చేస్తుంటాను, ఇదీ అలా వచ్చిన పనే.

నేపథ్యం

పలాస–కాశీబుగ్గ అంటే జీడిపప్పు అని తెలియని తెలుగువాళ్లు తక్కువ. కానీ అక్కడ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు కూడా తక్కువే, కాబట్టి కొంచెం చెప్పాలి. చుట్టూ ఉద్దానం: వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు తోటలు. పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. పిక్క బాగుంటే బస్తాకి ఇరవై కిలోల పైన పప్పు వస్తుంది. ఉడకబెట్టాలి, కోయాలి, బోర్మాలో (వేడిగాలితో ఆరబెట్టే గదిలో) ఆరబెట్టాలి, పొట్టు తీయాలి, ఆ తర్వాత గ్రేడింగ్. పొట్టు తీయడం, గ్రేడింగ్ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర్లోనే తీరం దాటి తోటలు నేలమట్టం చేసింది. జీడి మొక్క పెట్టిన ఏడాదే కాయదు కదా, అందుకని ఆ దెబ్బ ఏళ్ల తరబడి ఉంది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో లోకల్ పిక్కతో పాటు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పిక్క కూడా ఆడుతుంది.

గ్రేడ్ల సంగతి ఈ కథకి ముఖ్యం. గుండు పప్పుకి, అంటే విరగని నిండు పప్పుకి, 180, 210, 240, 320, 450 అని నంబర్లుంటాయి. పౌండుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో అదే నంబరు. 240 అంటే పౌండుకి 220 నుంచి 240, 320 అంటే 300 నుంచి 320. నంబరు చిన్నదైతే పప్పు పెద్దది, రేటు ఎక్కువ. విరిగిన బద్ద, ముక్క వేరే రేట్లు.

ఫౌండర్లలో ఒకతను సోంపేట వైపు మనిషి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఇంటికొచ్చాడు. ఇంకొకావిడది విజయనగరం, అమ్మకాల అనుభవం ఉంది. వాళ్ల ఆలోచన వినడానికి బాగుంది: ఫ్యాక్టరీకీ స్వీట్ షాపుకీ మధ్యలో ఉన్న బ్రోకరుని తీసేసి, రెండు వైపులా నేరుగా కలిపి, బ్రోకరు తినే కమీషన్‌లో కొంత మనం తీసుకుందాం.

ఏం సమస్యతో వచ్చారు

వచ్చేటప్పటికే ఒక యాప్ కంపెనీ ఇచ్చిన కొటేషన్ చేతిలో ఉంది. లాగిన్, లైవ్ రేట్లు, చాట్, సరుకు చేరేదాకా డబ్బు పట్టి ఉంచే పేమెంట్, లారీ ట్రాకింగ్, మూడు భాషలు. లక్షల్లో ఉంది. వాళ్ల దగ్గరున్న డబ్బుకి అది పెద్ద మొత్తం, అందుకని వాళ్ల ప్రశ్న ఇదీ: "ఇందులో ఏవి తీసేస్తే ఎంవీపీ అవుతుంది?"

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, ప్రతిసారీ నాకు ఇబ్బందిగానే ఉంటుంది. పెద్ద యాప్‌లో సగం కోసేస్తే చిన్న యాప్ వస్తుంది, అంతే. ఎంవీపీ అనే మాటని 2001లో ఫ్రాంక్ రాబిన్సన్ పెట్టాడు, తర్వాత పదేళ్లకి ‘ది లీన్ స్టార్టప్’ పుస్తకం రాసిన ఎరిక్ రీస్ వల్ల అందరి నోళ్లలో నానింది. అందులో అసలు విషయం తక్కువ ఖర్చుతో ఒక అనుమానం తీర్చుకోవడం. ఏ అనుమానం అన్నది ముందు తేలకపోతే ఏది కోయాలో ఎలా తెలుస్తుంది?

అందుకని కొటేషన్ పక్కన పెట్టించి, ఈ వ్యాపారం బతకాలంటే ఏవేవి నిజం కావాలో రాయమన్నాను. నాలుగు వచ్చాయి. ఫ్యాక్టరీవాళ్లు రేటు బయటికి చెప్తారు. షాపువాళ్లు చూడని ఫ్యాక్టరీ దగ్గర కొంటారు. ముందు డబ్బు కడతారు. మధ్యలో మనకి కమీషన్ ఇస్తారు. వీటిలో ఏది తప్పయితే మొత్తం కూలిపోతుంది అని అడిగితే ఇద్దరూ మొదటిదే అన్నారు, రేట్లు లేకపోతే యాప్‌లో చూపించడానికి ఏమీ ఉండదు గనక. నాకు రెండోది ఎక్కువ భయంగా అనిపించింది. అయినా వాళ్లదే ముందు పరీక్షిద్దాం అన్నాను. అది చవగ్గా అయిపోతుంది, పైగా వాళ్లు నమ్మినదాన్ని వాళ్ల కళ్ల ముందే పెట్టి చూడకపోతే తర్వాత నేను చెప్పే ఏ మాటా చెవికెక్కదు.

రేట్ల పేజీ

ఒక షీట్‌లో రేట్లు, దాన్ని చూపించే ఒక చిన్న వెబ్ పేజీ, కింద వాట్సాప్ బటన్. సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒక్క రాత్రిలో కట్టేశాడు. మొదలుపెట్టే ముందు ఒక షరతు పెట్టుకున్నాం: పేజీ ఎంతమంది చూశారన్నది లెక్కలోకి రాదు, ఫోన్లు లెక్కలోకి రావు, డబ్బు కట్టిన ఆర్డరు ఒక్కటే లెక్క. ఇది ముందే రాసి పెట్టుకోవడం మంచిదైంది, ఎందుకంటే పేజీకి జనం బాగానే వచ్చారు, ఫోన్లూ మోగాయి, ఆవిడ చాలా సంతోషపడింది. తీరా ఎవరు చేస్తున్నారని చూస్తే సగానికి పైగా ఇతర ఫ్యాక్టరీలవాళ్లు, బ్రోకర్లు. పక్కవాడు ఎంతకి అమ్ముతున్నాడో చూసుకోవడానికి వాళ్లకి ఉచితంగా ఒక సౌకర్యం కట్టిపెట్టాం.

ఫ్యాక్టరీలవాళ్లు కూడా వారం తిరక్కుండానే రేట్లు ఇవ్వడం మానేశారు. ఒక పెద్దాయన చెప్పిన మాట ఇది: "మరేటి బాబూ, నా రేటు రాసి గోడకి తగిలించేస్తే ఎదురోడు రెండు రూపాయలు తగ్గించి రాస్తాడు గదా. అయినా రేటు ఒకటెక్కడిది? రొక్కానికొక రేటు, నెలరోజుల అరువుకొక రేటు. నువ్వు ఏది రాస్తావు?"

ఆ రెండో ప్రశ్న దగ్గర అందరం ఆగాం. పేజీలో రేటుకి ఒకే గడి ఉంది. ఆ వ్యాపారంలో రేటు అంటే సరుకు ధర, అరువు గడువు, కొనేవాడి మీద నమ్మకం కలిసిన అంకె. దాన్ని మూడు గడులు చేసినా లాభం లేదు, మూడోది ఎవరూ బయటికి చెప్పరు.

అప్పుడు బ్రోకరు అసలు ఏం చేస్తాడో రాశాం. ఇది మొదట్లోనే చేయాల్సిన పని అని ఎవరైనా అనొచ్చు, కానీ రేట్ల పేజీ పడిపోయేదాకా ఫౌండర్లకి బ్రోకరు అంటే ఫోన్ నంబర్లున్న మనిషి, అంతే. నిజానికి మూడు పనులు చేస్తున్నాడు. ఎవరి దగ్గర ఏ సరుకు ఉందో చెప్తాడు. అరువుకి పూచీ ఉంటాడు. సరుకు తేడా వస్తే మధ్యలో కూర్చుని తగువు తీరుస్తాడు. వీళ్ల కొటేషన్ మొత్తం మొదటి పని గురించే. ఆ మొదటి పనిని ఇప్పుడు వాట్సాప్ ఊరికే చేసిపెడుతోంది.

శాంపిల్, అడ్వాన్సు

అరువు జోలికి వెళ్లొద్దని తీర్మానించుకున్నాం. ఫ్యాక్టరీకి రొక్కం కావాలి, షాపుకి అరువు కావాలి, ఆ మధ్య ఖాళీని నింపాలంటే పెట్టుబడి కావాలి, ఎవరు ఎగ్గొడతారో తెలిసిన అనుభవం కావాలి. రెండూ లేవు. అయితే రొక్కానికి కొనేవాళ్లు ఎవరు? ఇక్కడ ఆవిడ అనుభవం పనికొచ్చింది. ఒకటి రెండు టిన్నులు కొనే చిన్న స్వీట్ షాపులు, బేకరీలు, క్యాటరింగ్‌వాళ్లు ఎలాగూ రొక్కానికే కొంటున్నారు, ఎందుకంటే వాళ్లకి ఎవరూ అరువివ్వరు. పైగా హోల్‌సేల్ కొట్లో పెద్ద షాపులు ఏరుకోగా మిగిలిందే వీళ్లకి వస్తుంది. గొడవ పెట్టుకునే శక్తి కూడా ఉండదు.

కాబట్టి పరిధి బాగా తగ్గించాం. 240, 320, బద్ద: ఈ మూడే. ఫ్యాక్టరీలు మూడు. ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ. హైదరాబాద్ వద్దన్నాను, అక్కడ మార్కెట్ పెద్దదని అబ్బాయి పట్టుబట్టినా సరే. తగువొస్తే అదే రోజు వెళ్లి టిన్ను ముందు నిలబడగలిగే దూరంలోనే ఉండాలి, ఎందుకంటే ఈ దశలో మనకి కావాల్సింది ఆ తగువు ఎలా వస్తుందో చూడడమే. పావుకిలో శాంపిల్ పంపడం, నచ్చితే సగం డబ్బు యూపీఐలో ముందు, మిగతాది సరుకు చేరాక. ఆర్డర్లు వాట్సాప్‌లో, లెక్క షీట్‌లో. గ్రూపు పెట్టలేదు, బ్రాడ్‌కాస్ట్ లిస్టే పెట్టాం. గ్రూపులో అయితే ఎవరు కొంటున్నారో అందరికీ కనిపిస్తుంది, రేట్ల పేజీ దగ్గర నేర్చుకున్నదే మళ్లీ నేర్చుకోవాల్సొస్తుంది.

ఆర్డర్లు వచ్చాయి. డబ్బు కట్టిన ఆర్డర్లే. తర్వాత, ఊహించినట్టే, విజయనగరంలో ఒక షాపు నుంచి ఫోను. శాంపిల్లో ఉన్న పప్పు వేరు, టిన్నులో ఉన్నది వేరు, గుండ్లు చిన్నవి, అడుగున అంతా ముక్కలే అని. ఫ్యాక్టరీలో అడిగితే ఇక్కడ్నుంచి బాగానే వెళ్లింది, లారీలో విరిగితే నేనేం చేయను అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఇదే ఇందులో చిక్కు. పప్పు బాగా ఆరితే తేలిగ్గా విరుగుతుంది. విరగకూడదని తేమ ఎక్కువ ఉంచితే మెత్తబడుతుంది, బూజు పడుతుంది, తూకం కూడా మోసం చేస్తుంది. తేమ 5 శాతం దాటకూడదనేది నియమం, కానీ దాని లోపల ఎక్కడుండాలో ఎవరి లెక్క వాళ్లది. ఆ తేడా డబ్బు ఫౌండర్లు తమ జేబులోంచి కట్టి తగువు ముగించారు.

అబ్బాయి డీలా పడ్డాడు. నాకు మాత్రం ఇక్కడే అసలు ప్రశ్న దొరికిందనిపించింది. ఎంవీపీ గురించి మాట్లాడితే అందరూ చెప్పే జాపోస్ (అమెరికాలో ఆన్‌లైన్‌లో బూట్లమ్మే కంపెనీ) ఉదాహరణ తీసుకోండి. 1999లో నిక్ స్విన్‌మర్న్ దగ్గర్లోని చెప్పుల షాపులో బూట్ల ఫోటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టాడు, ఆర్డరొస్తే షాపుకెళ్లి అదే రేటుకి కొని పంపాడు. జనం ఇంటర్నెట్‌లో బూట్లు కొంటారా అన్నది అతని అనుమానం, అది తీరింది. కానీ అక్కడ ఎనిమిదో నంబరు బూటు అంటే అందరికీ ఎనిమిదో నంబరే. మన దగ్గర 240 అంటే 240 యేనా అన్నదే అనుమానం. ఫోటో పెట్టి తీర్చేది కాదు.

ఏం పనిచేసింది

అబ్బాయి మొదటి ప్రతిపాదన ఫోటో తీస్తే గ్రేడ్ చెప్పే ఏఐ. వద్దన్నాను, ఏఐ మీద కోపంతో కాదు. గ్రేడ్ అంటేనే లెక్కా తూకమూ, రెండూ ఒక చిన్న కాటా, రెండు చేతులతో తేలిపోతాయి. తేమ ఫోటోలో కనపడదు. ఏఐ తప్పు చెప్తే తగువులో మూడో మనిషి చేరినట్టవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, షాపు ఓనరు కూడా అదే పరీక్ష తన కొట్లో చేసుకోగలగాలి.

అందుకని చేతితో చేసే పద్ధతి పెట్టాం. లాట్‌లోంచి, అంటే ఒకేసారి పంపే టిన్నుల్లోంచి, ఏదో ఒక టిన్ను మనవాళ్లే ఎంచుకుని తెరుస్తారు. పైనుంచి, మధ్యలోంచి, అడుగు నుంచి మూడుసార్లు 100 గ్రాములు తూచి గుండ్లు లెక్కపెడతారు. 240 అయితే 100 గ్రాములకి 49 నుంచి 53 రావాలి, 320 అయితే 66 నుంచి 70. విరిగినవి విడిగా తూస్తారు. తేమకి మీటరు. ఇదంతా ఫోన్లో వీడియో, తర్వాత టిన్నుకి సీలు, సీలు మీద ఈ లెక్కలు రాసిన స్లిప్పు. సరుకు చేరిన రోజే షాపువాడు అదే లెక్క తన దగ్గర వేసి వీడియో పంపాలి. మర్నాడు పంపితే చెల్లదు.

స్లిప్పు కంటే దాని వెనకున్న ఒప్పందం మీద ఎక్కువ టైమ్ పట్టింది. 100 గ్రాములకి 57 వచ్చాయనుకోండి. అది 240 కాదు, 320 కంటే మెరుగు. ఏ రేటు కట్టాలి? సరుకు ముందు పెట్టుకుని మాట్లాడితే ఎవరూ తగ్గరు. సరుకు లేనప్పుడు, ముందే, రెండు వైపులా ఒప్పుకోవాలి. చివరికి తేలింది ఇది: 53 దాటితే, 66 లోపయితే, ఆ రోజు రెండు గ్రేడ్ల రేట్లకి సరిగ్గా మధ్య రేటు. విరిగినవి 5 శాతం దాటితే దాటినంత మేర బద్ద రేటు. బయల్దేరేటప్పుడు స్లిప్పులో బాగుండి చేరాక విరిగి ఉంటే ఆ నష్టం ఫ్యాక్టరీది కాదు, మన కంపెనీది, ఎందుకంటే రవాణా మనం ఎంచుకున్నాం. ఈ ఆఖరి మాట దగ్గర ఫౌండర్లకి టెన్షన్ పుట్టింది. అందుకని ఒక హద్దు పెట్టుకున్నారు: ఒకేసారి దారిలో ఉన్న సరుకు వాళ్లు పోగొట్టుకోగలిగినంతకి మించకూడదు. కోడ్ రాయకపోతే ఎంవీపీకి ఖర్చుండదనుకుంటారు గానీ, సరుకు వ్యాపారంలో ఖర్చంతా ఇక్కడే ఉంటుంది.

ఆ ఆఖరి మాట వల్ల ఒక మంచి కూడా జరిగింది. పప్పు విరిగిన నష్టం తమ మీద పడేసరికి ప్యాకింగ్ మీద శ్రద్ధ వచ్చింది. సగం నిండిన టిన్నులో పప్పు ఎగిరి ఎగిరి విరుగుతుంది, ఖాళీ లేకుండా నింపితే తగ్గుతుంది. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లని అడిగితే మొదటి రోజే చెప్పేవారు. "ఊపి నింపాలమ్మా" అని ఒకావిడ చేసి చూపించింది.

ఒక చోట గట్టిగా వాదించుకున్నాం. కొంతమంది షాపువాళ్లు లోకల్ పిక్కేనా అని అడుగుతున్నారు, స్లిప్పు మీద ఉద్దానం పప్పు అని రాస్తే కిలోకి కొంత ఎక్కువ వస్తుంది అని ఆవిడ. పొట్టు తీసిన పప్పు చూసి అది మందస పిక్కో ఆఫ్రికా పిక్కో మనం తేల్చలేం, ఫ్యాక్టరీ మాటే ఆధారం. మనం లెక్కపెట్టలేనిది స్లిప్పు మీద ఉండకూడదన్నాను. ఒక్కసారి అది తప్పని తేలితే పక్కనున్న 53 అనే అంకెని కూడా ఎవరూ నమ్మరు. ఆవిడకి నచ్చలేదు గానీ ఒప్పుకుంది.

నేరుగా వెళ్లిపోయినవాళ్లు

ఇలాంటి వ్యాపారంలో ఎప్పుడూ వచ్చే జబ్బు ఇక్కడా వచ్చింది. టిన్ను మీద ఫ్యాక్టరీ పేరుంటుంది, రెండు ఆర్డర్లయ్యాక షాపువాడు అక్కడికే ఫోన్ చేస్తాడు. పేరు దాచేద్దామని అబ్బాయి అన్నాడు. ఆహార సరుకు మీద తయారుదారు వివరాలు ఉండాలి, అది చట్టం. పైగా పలాసలో ఏ టిన్ను ఎవరిదో దాచడం కుదిరే పనేనా?

దాచడం బదులు వెళ్లినవాళ్లని గమనిద్దామన్నాను. నేరుగా వెళ్లినవాళ్లలో ఎవరు తిరిగొచ్చారు, ఎందుకొచ్చారు అని ఫోన్ చేసి అడిగించాను. ఎక్కువ సరుకు కొనేవాళ్లు తిరిగి రాలేదు, వాళ్లకి ఫ్యాక్టరీ అరువు కూడా ఇచ్చింది. చిన్నవాళ్లలో చాలామంది వచ్చారు. శ్రీకాకుళంలో ఒక బేకరీ ఆయన మాట నాకు నచ్చింది: "అక్కడ పది రూపాయలు తక్కువే మాస్టారూ. గానీ తేడా వస్తే ఫోన్ ఎత్తరు. మీరైతే స్లిప్పు పట్టుకుని దొరికిపోతారు."

అప్పుడు కమీషన్ శాతం తీసేసి టిన్నుకి ఇంత అని లెక్కింపు ఫీజు పెట్టించాను. శాతం అయితే మనం సరుకు అమ్మినట్టు, సరుకు నేరుగా కొంటే మనతో పనిలేదు. ఫీజు అయితే లెక్కపెట్టినందుకు, సరుకు ఎవరి ద్వారా వెళ్లినా అడగొచ్చు. ఇలా మార్చాక ఎవరూ అనుకోనిది జరిగింది. మూడు ఫ్యాక్టరీల్లో ఒకాయన, తన సొంత ఖాతాదారులకి పంపే లాట్లకి కూడా స్లిప్పు వేసిపెట్టమని, ఫీజు తనే కడతానని అడిగారు. వాళ్లతో తగువులు తగ్గుతాయి గనక. ఎవరినైతే రేట్లు చెప్పమని బతిమాలామో వాళ్లే ఇప్పుడు డబ్బిచ్చే పక్షం అయ్యారు. మొదట రాసుకున్న నాలుగు నమ్మకాల్లో ఇది లేనేలేదు.

కోడ్ అప్పుడు రాశారు. చిన్నది, గ్రేడర్ ఫోన్‌లో నడిచేది: మూడు తూకాలు, మూడు లెక్కలు, విరిగినవి, తేమ, వీడియో. నొక్కితే క్యూఆర్ ఉన్న స్లిప్పు వస్తుంది. లాగిన్ లేదు, చాట్ లేదు. అప్పటిదాకా షీట్‌లో చేసి చేసి ఏ గడి అవసరమో, ఏది ఎవరూ నింపరో తెలిసిపోయింది కాబట్టి పెద్దగా మార్పులు రాలేదు. లెక్కపెట్టే పనికి పొట్టు తీసి గ్రేడింగ్ చేసిన అనుభవం ఉన్న ఇద్దరు ఆడవాళ్లని పెట్టుకున్నారు. గుప్పెట్లో పోసుకుని చూసి గ్రేడ్ చెప్పేస్తారు, తర్వాత కాటా అదే చెప్తుంది.

ఇప్పుడున్న స్థితి

వ్యాపారం చిన్నదే. దసరా, దీపావళి ముందు బాగా నడుస్తుంది, తర్వాత పడిపోతుంది. రెండు సీజన్లు చూడకుండా ఇది నిలబడిందని నేను అనను. బయటి మదుపుదారులకి చూపించడానికి లైవ్ రేట్ల యాప్ ఉన్నంత అందంగా ఇది ఉండదని అబ్బాయికి ఇప్పటికీ కొంచెం బాధ.

అరువు సంగతి మాత్రం మళ్లీ ముందుకొచ్చింది, ఈసారి వేరే దారిలో. వరసగా కొన్ని ఆర్డర్లు తగువు లేకుండా తీసుకుని, మిగతా సగం డబ్బు అదే రోజు కట్టిన షాపుల జాబితా ఇప్పుడు వీళ్ల దగ్గరుంది. స్లిప్పు అడిగిన ఫ్యాక్టరీ ఆయనే ఆ షాపులకి ఒక్కొక్క టిన్ను ఏడు రోజుల అరువుకి ఇస్తానన్నారు. పూచీ మీరుంటారా అని అడిగారు. ఉండొద్దు, జాబితా ఇద్దాం, నష్టం ఆయనదే అని ముందే రాసుకుందాం అన్నాను. ఆయన ఒప్పుకుంటే ఆ జాబితాకి విలువ ఉన్నట్టు, ఒప్పుకోకపోతే పూచీ లేకుండా దానికి విలువ లేనట్టు. ఏదైనా సంక్రాంతి లోపు తేలిపోతుంది, దీనికీ కోడ్ అక్కర్లేదు.